చందాలు కట్టి చంద్రుణ్ణి అందుకున్నవారు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "డి.ఎ. బకాయిల సంగతి, వైద్య ఖర్చుల సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారండి, మీరు వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. అంచేత ఈవేళ నేను రాకెట్ల గురించి చెబుతాను. వెనక వరసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఎక్కడెక్కడ తిరిగినా చివరికి మన సంఘం దగ్గరికే వస్తాను.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక మిత్రుడు లేచి ఒక మాట అడిగారు. "ఏడాదికోసారి చందా కడుతున్నాం. మీటింగుకి వచ్చి కాఫీ తాగుతున్నాం. పోయినవాళ్ళకి రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నాం. ఏటేటా మౌనం పాటించేవాళ్ళ సంఖ్య తగ్గుతోంది, పాటించవలసిన పేర్లు పెరుగుతున్నాయి. ఇంతకీ ఈ సంఘం ఎందుకండీ?" అన్నారు. ఆ రోజు ఎవరమూ సమాధానం చెప్పలేదు. తల వంచుకుని ఇంటికి వెళ్ళాం. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నాకు తోచిన సమాధానం ఈ రాకెట్ల కథలో దొరికింది.

మనలో చాలామంది అనుకునేది ఏమిటంటే, అంతరిక్షయానం ప్రభుత్వాలు మొదలుపెట్టిన పని అని. రష్యా మొదట స్పుత్నిక్ పంపింది, అమెరికా చంద్రుడి మీద మనిషిని దింపింది, మన ఇస్రో చంద్రయాన్ పంపింది అని చదువుకున్నాం. అదంతా నిజమే. కాని అది కథలో రెండో సగం. మొదటి సగం నడిపినవి చిన్న చిన్న సంఘాలు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, రశీదు పుస్తకం, అచ్చయ్యీ అవ్వని ఒక పత్రిక, బకాయిపడ్డ అద్దె, ఇవీ వాళ్ళ ఆస్తులు. అచ్చం మన లాంటివే.

ముందుగా ఒక పెన్షనరుగారితో మొదలుపెడతాను. ఆయన పేరు సియొల్కోవ్‌స్కీ. 1857లో రష్యాలో పుట్టారు. చిన్నతనంలో జబ్బు చేసి వినికిడి పోయింది. కలూగా అనే చిన్న పట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేశారు. బడి అయ్యాక ఇంటికి వచ్చి, గాలి లేని చోట కూడా రాకెట్ ఎలా పోగలదో లెక్కలు కట్టేవారు. 1903లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1921లో సోవియట్ ప్రభుత్వం ఆయనకు జీవితకాలపు పెన్షన్ మంజూరు చేసింది. అప్పటికి వయస్సు అరవై దాటింది. మన లెక్క ప్రకారం ఆయన పని అయిపోయింది. కాని ఆయన కూర్చోలేదు. 1929లో, డెబ్బై దాటాక, ఒక రాకెట్ మీద ఇంకో రాకెట్ పెట్టి, కిందది అయిపోగానే వదిలేసుకుంటూ పోతే భూమి పట్టు తప్పించుకోవచ్చునని "రాకెట్ రైళ్ళ" పుస్తకం వేశారు. మన శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్‌కు నాలుగు అంచెలు ఉన్నాయి. ఆ అంచెల పద్ధతిని లెక్క కట్టి లోకానికి చెప్పినవారిలో ఈ పెన్షనరుగారు ముందువరసలో ఉన్నారు. 1935లో పోయారు. ఒక్క రాకెట్ కూడా తన చేత్తో ఎగరేయలేదు.

ఆ పుస్తకాలు చదివిన కుర్రవాళ్ళు 1924లో మాస్కోలో ఒక సంఘం పెట్టారు. గ్రహాల మధ్య ప్రయాణం గురించి అధ్యయనం చేసే సంఘం. సుమారు 200 మంది చేరారు. వాళ్ళు పెట్టిన ఒక ఉపన్యాసానికి జనం ఎంత తోసుకువచ్చారంటే, అదుపు చెయ్యడానికి పోలీసుల్ని పిలవవలసి వచ్చింది. మనకి అటువంటి ఇబ్బంది ఎప్పుడూ రాలేదు! ఆ సంఘం ఏడాదిలోనే ఆగిపోయింది. అయినా అందులోని మనుషులు ఆగలేదు. త్సాందర్ అనే ఇంజనీరు, కొరొల్యోవ్ అనే యువకుడు, మరికొందరు కలిసి 1931లో ఇంకో బృందం కట్టారు. దాని పొట్టి పేరు గిర్ద్. ఒక ఇంటి నేలమాళిగలో పనిచేసేవారు. రష్యన్ భాషలో ఆ పొడి అక్షరాలకి వాళ్ళే ఇంకో అర్థం చెప్పుకుని నవ్వుకునేవారు: "ఉత్తపుణ్యానికి పనిచేసే ఇంజనీర్ల బృందం" అని.

1933 ఆగస్టు 17న వాళ్ళ మొదటి రాకెట్ 400 మీటర్ల ఎత్తుకు లేచింది. పద్దెనిమిది సెకన్లు ఎగిరింది. అంతే. త్సాందర్ అది చూడలేదు. ఆ ఏడాది మార్చిలోనే జ్వరంతో పోయారు. కొరొల్యోవ్ చూశారు. ఆ తరవాత 1938లో ఆయన్ని అరెస్టు చేసి దూరదేశపు ఖైదుకు పంపారు. 1944లో విడుదలయ్యారు. పదమూడేళ్ళు గడిచాక, 1957 అక్టోబరు 4న స్పుత్నిక్‌ను ఎగరేసింది ఆయన బృందమే. 1961 ఏప్రిల్ 12న గగారిన్‌ను పంపిందీ వారే. 1966లో ఆయన పోయేవరకు లోకానికి ఆయన పేరే తెలియనివ్వలేదు. నేలమాళిగలో ఉచితంగా పనిచేసిన సంఘం సభ్యుడు, ఇరవై ఏళ్ళు దాటాక ఆకాశంలో కొత్త చుక్క పెట్టాడన్నమాట.

ఇక జర్మనీ సంగతి. 1927 జూలై 5న, అప్పుడు జర్మనీలో ఉన్న బ్రెస్లావ్ పట్నంలో, ఒక పానశాలలో కొద్దిమంది కూర్చుని అంతరిక్షయాన సంఘం స్థాపించారు. వింక్లర్ అనే ఆయన మొదటి అధ్యక్షుడు. వెంటనే చేసిన పని పత్రిక పెట్టడం. దాని పేరు "రాకెట్". కొద్దికాలంలోనే సభ్యులు కొన్ని వందలయ్యారు. 1930లో బెర్లిన్ శివార్లలో సైన్యం వదిలేసిన మందుగుండు గోదాముల స్థలాన్ని నామమాత్రపు అద్దెకు తీసుకుని, బయట "రాకెట్ విమానాశ్రయం" అని బోర్డు పెట్టుకున్నారు. అవి ఆర్థిక మాంద్యం రోజులు. పని దొరకని ఫిట్టర్లు, వెల్డర్లు, ఇంజనీర్లు అక్కడే పడుకుని, ధర్మభోజనం తిని, రాకెట్లు చేసేవారు. జీతం లేదు. తల దాచుకోను చోటు, చెయ్యడానికి పని. అంతే. 1931 నాటికి వాళ్ళ రాకెట్లు కిలోమీటరు ఎత్తు అందుకున్నాయి. ఆ సంఘంలో చేరిన ఒక పద్దెనిమిదేళ్ళ విద్యార్థి పేరు వెర్నర్ ఫాన్ బ్రౌన్.

అమెరికాలో 1930 ఏప్రిల్ 4న న్యూయార్కు నగరంలో ఒక అద్దె ఇంట్లో పన్నెండు మంది చేరి గ్రహాంతర సంఘం పెట్టారు. పదకొండు మంది మగవారు, ఒక మహిళ. ఎక్కువమంది పత్రికలకు కథలు రాసేవారు. (ఏప్రిల్ 4 అంటే మనకీ గుర్తుండవలసిన తేదీ. 2022లో అదే రోజున మన కోనసీమ జిల్లా ఏర్పడింది.) వాళ్ళు ఎగరేసిన మొదటి రాకెట్ 1933 మే 14న సుమారు 250 అడుగులు లేచి, ట్యాంకు పగిలి పడిపోయింది. కొబ్బరి చెట్టు ఎత్తుకి మూడింతలు అనుకోండి. ఎగతాళి చేసినవాళ్ళు చేశారు. కాని ఆ సంఘంలోని నలుగురు సభ్యులు 1941లో చిన్న కంపెనీ పెట్టారు. 1947లో ధ్వని వేగాన్ని దాటిన మొదటి విమానానికి ఇంజను ఆ కంపెనీదే.

అదే దేశంలో గాడర్డ్ అనే ప్రొఫెసరుగారు ఉన్నారు. 1926 మార్చి 16న ద్రవ ఇంధనంతో లోకంలో మొదటి రాకెట్ ఎగరేసింది ఆయనే. గొప్ప మేధావి. కాని పత్రికలు ఒకసారి వెక్కిరిస్తే మనసు చివుక్కుమని, తన పని తను గుట్టుగా చేసుకున్నారు. సంఘంవాళ్ళు పిలిచినా కలవలేదు. ఆయన ఒంటరిగా కనిపెట్టిన వాటిని మిగతావాళ్ళు మళ్ళీ మొదటినుంచి కనిపెట్టుకోవలసి వచ్చింది. నలుగురితో పంచుకోని జ్ఞానం ఎంత గొప్పదైనా ఆలస్యంగా పండుతుంది.

ఇప్పుడు మనకి బాగా కావలసినవాడి దగ్గరికి వస్తున్నాను. ఇంగ్లండులో 1933 అక్టోబరులో లివర్‌పూల్‌లో క్లీటర్ అనే ఆయన బ్రిటిష్ గ్రహాంతర సంఘం పెట్టారు. అక్కడ వాళ్ళకి రాకెట్ కాల్చే వీలు లేదు. 1875 నాటి పేలుడు పదార్థాల చట్టం అడ్డం వచ్చింది. మనకి జి.ఓ.లు అడ్డం వచ్చినట్టే. సరే, కాల్చకపోతేనేం, లెక్కలు కట్టడానికి చట్టం అడ్డం లేదు కదా అని, కాగితం మీద పనిచేశారు. 1939లో ముగ్గురు మనుషుల్ని చంద్రుడి మీద దింపి మళ్ళీ తీసుకువచ్చే ఓడ నమూనాను తమ పత్రికలో అచ్చువేశారు. మనిషి చంద్రుడి మీద దిగడానికి అప్పటికి ఇంకా ముప్ఫై ఏళ్ళు ఉంది.

ఆ సంఘంలో ఆర్థర్ క్లార్క్ అనే పల్లెటూరి కుర్రాడు ఉండేవాడు. 1936లో లండను వచ్చి ప్రభుత్వ ఉద్యోగంలో చేరాడు. ఏ ఉద్యోగం అనుకున్నారు? విద్యాశాఖలో పెన్షన్ లెక్కలు తనిఖీ చేసే గుమాస్తా ఉద్యోగం! మన కాగితాల మీద ఎర్రసిరాతో అభ్యంతరాలు రాసే సీటు. పగలు పెన్షన్ లెక్కలు, సాయంత్రం గ్రహాల లెక్కలు. ఆయన అద్దెకున్న చోటే సంఘం వాళ్ళు చేరే స్థలమైంది. తరవాత యుద్ధంలో వైమానిక దళంలో రాడార్ పనిలో ఉండగా, 1945 అక్టోబరులో ఒక రేడియో పత్రికలో ఒక వ్యాసం రాశాడు. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, భూమధ్యరేఖకు పైన ఒక ఉపగ్రహాన్ని పెడితే అది భూమితోపాటే తిరుగుతూ, మనకి ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుంది. అటువంటివి మూడు ఉంటే లోకమంతటికీ వార్తలు పంపవచ్చు అన్నాడు. ఆ వ్యాసానికి వచ్చిన పారితోషికం 15 పౌన్లు.

ఆ కుర్రాడి లెక్కకీ, అమలాపురంలో కూర్చున్న మనకీ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు చూపించారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. మన రాష్ట్రపు పల్లెల్లో పొలం పనుల గురించి, పిల్లల ఆరోగ్యం గురించి తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. క్లార్క్ అప్పటికి కొలంబోలో స్థిరపడ్డారు. మన ఇంజనీర్లు వెళ్ళి ఆయన ఇంటి మీద యాంటెన్నా బిగించి, ఆయన ఊహించింది ఆయనకే చూపించారు.

అంతకన్నా పెద్ద సంగతి తుపానులది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. రేడియోలు మూగబోతే చెప్పే దిక్కు లేకపోయింది. 1983లో ఇన్‌శాట్-1బి పైకి వెళ్ళింది. తరవాత కోస్తా గ్రామాల్లో ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరిక అందుకుని సైరను మోగించే పెట్టెలు పెట్టారు. 1990 మేలో వచ్చిన తుపాను తక్కువదేమీ కాదు. కాని లక్షకు పైగా జనాన్ని ముందే తరలించగలిగారు. ప్రాణనష్టం దివిసీమ నాటి దాంట్లో పదో వంతుకు పడిపోయింది. అలాగని అంతా తీరిపోయిందని నేను చెప్పను. 1996 నవంబరు 6 రాత్రి ఈ సభలో ఉన్నవాళ్ళలో ఎవరు మరచిపోగలరు? తెల్లవారేసరికి తోటలకు తోటలు నేలకొరిగి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు. హెచ్చరిక పైనుంచి రావడం ఒక ఎత్తు, అది గుడిసె గుమ్మం దాకా చేరడం ఇంకో ఎత్తు. పైపని ఉపగ్రహం చేస్తుంది. కిందిపని మనుషులు చెయ్యాలి. అయినా ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు తుపాను ఎక్కడ పుట్టింది, ఎటు కదులుతోంది అనేది మనం రోజుల ముందే వింటున్నాం. ఆ వినడం వెనక, పగలు పెన్షన్ ఫైళ్ళు చూసి సాయంత్రం సంఘం మీటింగుకి వెళ్ళిన ఒక గుమాస్తా ఉన్నాడు.

మన దేశం సంగతికి వద్దాం. నేను తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక తపాలా కథ చెప్పక తప్పదు. గోదావరికి వరద వచ్చి కోటిపల్లి రేవులోను, సఖినేటిపల్లి రేవులోను పంటులు ఆగిపోతే, తపాలా సంచులు ఒడ్డున ఎదురుచూడవలసిందే. మనియార్డరు కోసం అవతలి ఒడ్డున ఒక ముసలమ్మ ఎదురుచూస్తూ ఉండేది. నదికి అవతల ఉన్నవాడికి ఇవతలి సాయం అందించడం ఎలా అనేది లంకల్లో పుట్టినవాళ్ళకి చెప్పనక్కరలేదు.

సరిగ్గా ఆ ప్రశ్న పట్టుకుని కలకత్తాలో ఒకాయన రాకెట్లు కాల్చారు. ఆయన పేరు స్టీఫెన్ స్మిత్. 1891లో షిల్లాంగులో పుట్టారు. భారత విమాన తపాలా సంఘానికి కార్యదర్శి. 1934 సెప్టెంబరు 30న ఓడ మీద నుంచి సాగర్ దీవికి రాకెట్‌లో ఉత్తరాలు పంపబోయారు. అది గాలిలోనే పేలిపోయింది. ఉత్తరాలు చెల్లాచెదురయ్యాయి. మన శాఖలో అయితే ఎన్ని సంజాయిషీలు అడిగేవారో! ఆయన మానలేదు. 1935లో సిక్కిం మహారాజుగారి ప్రోత్సాహంతో అక్కడి కొండల్లో నది దాటించి ఉత్తరాలు, పొట్లాలు పంపారు. ఆ ఏడాది మే 31న క్వెట్టా భూకంపం వచ్చింది. వారం తిరక్కుండా, జూన్ 6న, ఆపదలో ఉన్నవాళ్ళకి మందులు, తిండిగింజలు ఇలా పంపవచ్చునని రూపనారాయణ్ నది మీదుగా పంపి చూపించారు. జూన్ 29న దామోదర్ నది మీదుగా ఒక కోడిపుంజును, పెట్టను రాకెట్‌లో దాటించారు. రెండూ బతికే ఉన్నాయి. మన వైపు అయితే ఆ పుంజుని సంక్రాంతికి అట్టేపెట్టేవాళ్ళు! 1934 నుంచి 1944 దాకా ఆయన సుమారు 270 రాకెట్లు కాల్చారు. 1951లో పోయారు. రాకెట్ తపాలా నిలబడలేదు. కాని 1992లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. ఒక సంఘం కార్యదర్శికి దక్కిన గౌరవం అది.

తరవాత అహ్మదాబాదు. విక్రమ్ సారాభాయ్‌గారు 1947 నవంబరులో భౌతిక పరిశోధన ప్రయోగశాల స్థాపించినప్పుడు, దానికి మొదట అండగా నిలిచినవి అహ్మదాబాదు విద్యాసంఘం, కర్మక్షేత్ర విద్యా ప్రతిష్ఠానం. పని ఒక కాలేజీ గదుల్లో మొదలైంది. మన అంతరిక్ష కార్యక్రమం అక్కడే పెరిగింది. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. 1969లో మన శ్రీహరికోటను ఎంచుకున్నారు. తూర్పున సముద్రం, రాకెట్ దారిలో ఊళ్ళు లేవు, భూమధ్యరేఖకు మరీ దూరం కాదు, భూమి తిరిగే వేగం కూడా తోడవుతుంది. ఆ దీవిలో తరతరాలుగా ఉన్న యానాది కుటుంబాలు చోటు ఖాళీ చెయ్యవలసి వచ్చిందన్న సంగతి కూడా ఆ చరిత్రలో రాసుకోవాలి. 1971 అక్టోబరు 9న అక్కడ మొదటి చిన్న రాకెట్ లేచింది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 సముద్రంలో పడింది. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని నింద మీద వేసుకున్నవారు సతీశ్ ధవన్‌గారు. 1980 జూలై 18న అదే రాకెట్ విజయవంతమైనప్పుడు విలేకరుల ముందుకు కలాంగారిని పంపారు. పై అధికారి అంటే ఎలా ఉండాలో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2002లో ఆ కేంద్రానికి ధవన్‌గారి పేరు పెట్టారు.

ఇందాక చెప్పిన ఆ సంఘాలన్నీ ఏమయ్యాయి? యుద్ధం అయ్యాక, 1950లో పారిస్‌లో కలుసుకుని, మరుసటి ఏడు లండనులో అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. నిన్నటిదాకా ఒకరి ఊళ్ళ మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాలవాళ్ళు ఒక గదిలో కూర్చున్నారు. ఆ సమాఖ్య ఏటా జరిపే మహాసభ 2007 సెప్టెంబరులో మన హైదరాబాదులో జరిగింది. పానశాలలో పుట్టిన సంఘాల సంతతి ఎనభై ఏళ్ళకి తెలుగునాడుకి అతిథులుగా వచ్చింది.

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అంతా పొగిడి కూర్చుంటే సగమే చెప్పినట్టు. ఆ బెర్లిన్ సంఘానికి డబ్బు లేదు. నీళ్ళ బిల్లు కూడా కట్టలేకపోయింది. సైన్యం వచ్చి డబ్బు చూపించింది. 1932 చివర్లో ఫాన్ బ్రౌన్ సైన్యంలోకి వెళ్ళారు. ఏడాది, రెండేళ్ళలో సంఘం చెదిరిపోయింది. గ్రహాలకి వెళ్దామని నేర్చుకున్న విద్యతో వి-2 ఆయుధం తయారైంది. దాన్ని నేలమాళిగల్లో ఖైదీల చేత చేయించారు. ఆ రాకెట్ మీద పడి పోయినవాళ్ళ కన్నా, దాన్ని తయారుచేస్తూ పోయినవాళ్ళు ఎక్కువ. అదే ఫాన్ బ్రౌన్ తరవాత అమెరికాకి వెళ్ళి, 1969లో మనుషుల్ని చంద్రుడి దగ్గరికి చేర్చిన రాకెట్ చేశారు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు. సంఘం అంటే నలుగురు అడిగే చోటు: ఈ పని ఎందుకు, ఎవరికోసం అని. ఆ అడిగే చోటు పోయినప్పుడు మంచి విద్య కూడా చెడ్డ చేతుల్లో పడుతుంది.

ఇప్పటి పిల్లల సంగతి రెండు మాటలు. బెంగుళూరు, హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీల విద్యార్థులు చేరి, కిలో బరువు కూడా లేని "స్టుడ్‌శాట్" అనే ఉపగ్రహం చేస్తే, 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి ఎగిరింది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలు చేతులు వేసిన ఉపగ్రహం 2022 ఆగస్టులో సరైన కక్ష్యకు చేరక పోయింది. ఏడాది తిరక్కుండా, 2023 ఫిబ్రవరి 10న రెండోది చేరింది. హైదరాబాదులో 2018లో కొందరు యువకులు పెట్టిన స్కైరూట్ అనే సంస్థ రాకెట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచే లేచింది. ఒక భారతీయ ప్రైవేటు సంస్థ రాకెట్ ఎగరేయడం అదే మొదలు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన సాయంత్రం మన ఇళ్ళల్లో మనవలు ఎలా గంతులు వేశారో మీరు చూశారు.

ఇక ఆ మిత్రుడి ప్రశ్నకి వస్తున్నాను. సంఘం ఎందుకు?

నేను చెప్పిన మనుషుల్ని ఒకసారి తలచుకోండి. ఆ పెన్షను మాస్టారు రాకెట్ ఎగరడం చూడలేదు. త్సాందర్ చూడలేదు. స్మిత్‌గారి తపాలా నిలబడలేదు. అందరూ చందా కట్టారు, మీటింగుకి వచ్చారు, కాఫీయో టీయో తాగారు, పోయినవాళ్ళకి మౌనం పాటించారు. బయటినుంచి చూసేవాడికి అంతే కనిపిస్తుంది. కాని వాళ్ళు ఒక పని చేశారు. ఒక ఆలోచనను, దాన్ని అందుకోగల చేతులు వచ్చేదాకా ఆరిపోకుండా కాపాడారు. ఇంట్లో దేవుడి దగ్గర దీపం కొండెక్కకుండా వత్తి ఎగదోసినట్టు. మాస్కో సంఘం ఏడాదికే మూతపడ్డా, వత్తి పట్టుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి దీపం ఉంది.

మనం ఈ దినోత్సవం జరుపుకోవడానికి కారణమేమిటి? 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారాగారి కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కు అంది. ఆ పిటిషను వేసినవారిలో ఇద్దరు పెన్షనర్లతోపాటు ఒక సంఘం ఉంది. ఆ సంఘం లేకపోతే మనకి ఈ తేదీ లేదు. దాని ఫలం అనుభవిస్తున్న మనలో చాలామంది ఆ పిటిషను నాటికి ఇంకా సర్వీసులో ఉన్నాం. మనకోసం ఎవరో చందా కట్టారండి.

అందుకని నాది ఒక చిన్న ప్రతిపాదన. మన సంఘం గది ఆదివారం ఉదయం ఖాళీగా ఉంటుంది. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకి ఆ రెండు గంటలూ ఇద్దాం. మనలో లెక్కల మాస్టార్లున్నారు, విద్యుత్ శాఖ లైన్‌మెన్లున్నారు, వర్క్‌షాపులో చేతులు నల్లబడ్డ ఫిట్టర్లున్నారు, వాన లెక్కలు రాసిన రెవిన్యూవాళ్ళున్నారు, నాలాంటి తపాలావాళ్ళున్నారు. ఒక దుర్భిణి కొందాం. మెరక ప్రాంతంలో కన్నా మన లంకల మీద రాత్రి ఆకాశం బాగా కనిపిస్తుంది. చంద్రుణ్ణి చూపిద్దాం. తుపాను ఎలా పుడుతుందో, హెచ్చరిక వస్తే ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలో నేర్పుదాం. పిల్లలే మన సైరను పెట్టెలు. ఖర్చు ఎంతంటారా, ఏటా మనం ఒకరికొకరం కప్పుకునే శాలువాల్లో సగం మానేస్తే చాలు. శాలువా వద్దన్నవాళ్ళ జాబితాలో మొదటి పేరుగా నాది రాసుకోండి.

ఆ పిల్లల్లో ఎవరు ఏమవుతారో మనం చూడకపోవచ్చు. చూడనక్కరలేదు కూడా. కొబ్బరి మొక్క పెట్టిన తాతగారు ఆ చెట్టు బొండాం తాగాలని పెట్టడు. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ రోజు ప్రశ్న వేసిన మిత్రుడు ఈవేళ మూడో వరసలో కూర్చుని ఉన్నారు. వారికి నా ధన్యవాదాలు. ప్రశ్న అడిగేవాడు ఉన్నంతకాలం సంఘం బతికే ఉంటుంది. ఈ ప్రతిపాదనను వచ్చే కార్యవర్గ సమావేశంలో పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. వారు "ఆయ్, అలాగేనండి" అంటే నా ఇరవై నిమిషాలూ సార్థకమైనట్టే.